బెల్లం లేని పులుసు

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 36 ఏళ్ళు, విశాఖ రుషికొండలో ఉద్యోగం, ఎంవీపీ కాలనీలో కాపురం, భార్యాభర్తలిద్దరూ పనిచేసేవాళ్ళే. ఆఫీసు వాళ్ళు చేయించిన పరీక్షల్లో హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 7.4 వచ్చింది. డైటీషియన్ రాసిచ్చిన కాగితంలో ఓట్స్, క్వినోవా, బ్రోకలీ, గ్రిల్డ్ చికెన్. పది రోజులు ఎలాగో నెట్టుకొచ్చి, పదకొండో రోజు రాత్రి బిర్యానీ తెప్పించేసుకున్నారు. మూడేళ్ళుగా మీ పొయ్యి మీద టీ, కుక్కర్లో అన్నం తప్ప పెద్దగా ఏదీ ఉడకలేదు. ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి, అన్నం పూర్తిగా మానేయాలా, చోళ్ళు (రాగులు) తింటే సరిపోతుందా అని అడిగారు.

నేను డాక్టర్ని కాను. 2013లో షుగర్ బయటపడింది, అప్పటికి నాకు 48. స్టీల్‌ప్లాంట్ వాళ్ళ ఉక్కునగరం క్వార్టర్లో ఉండేవాళ్ళం. నాది షిఫ్టుల ఉద్యోగం, మా ఆవిడ టీచరు. అంతకు ముందు వంటింట్లో నా పని ఫ్రిజ్ తలుపు తీసి మంచినీళ్ళు తాగడం వరకే. ఇప్పుడు రిటైరై గాజువాకలో ఉంటున్నాం. పన్నెండేళ్ళుగా రాత్రి వంట నాదే. ఆ అనుభవంతో చెప్తున్నాను, మిగతాది మీ డాక్టరుగారితో సరిచూసుకోండి.

వంట సంగతికి ముందు మాత్రల సంగతి. మీరు వేసుకునేదేమిటో రాయలేదు. ఒట్టి మెట్‌ఫార్మిన్ అయితే అన్నం తగ్గించినంత మాత్రాన షుగర్ ప్రమాదంగా పడిపోవడం సాధారణంగా ఉండదు. గ్లిమెపిరైడ్ లాంటిది కలిసి ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, తిండి ఉన్నట్టుండి తగ్గిస్తే 70 కిందికి జారిపోవచ్చు. నాకు జరిగింది. ఉత్సాహం కొద్దీ రెండు పూటలా అన్నం మానేసి, మాత్ర మాత్రం పాత లెక్కలోనే వేసుకుని సీ షిఫ్టుకి, అంటే రాత్రి డ్యూటీకి, వెళ్ళాను. రాత్రి రెండింటికి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, ఎదుటి మీటరు మీద అంకెలు అలుక్కుపోయాయి. పక్కనున్నాయన మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాడు. పావుగంటకి తేరుకున్నాను. మర్నాడు డాక్టరుగారు మాత్ర సగానికి తగ్గించారు. ఆయనతో చెప్పకుండా అన్నం మానేసింది నేనే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. మీరు మాత్రం చెప్పి మొదలెట్టండి.

ఇక ఆ కాగితం. అది తప్పేమీ కాదు. పీచు ఎక్కువ తిను, మాంసకృత్తులు పెంచు, పిండి తగ్గించు అనే చెప్తోంది. అయితే బ్రోకలీతో పోపు పెట్టి ఏం చెయ్యాలో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పదకొండో రోజు చెయ్యి జారింది అందుకే. నా లెక్కలో మన ఉత్తరాంధ్ర ఇంటి వంటకీ షుగరుకీ తగాదా రెండు చోట్లే. ఒకటి అన్నం కొలత, రెండోది బెల్లం. మిగతా వంటని కదపక్కర్లేదు.

చోళ్ళ గురించి అడిగారు కదా. మా అమ్మది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఆవిడ చిన్నతనంలో వాళ్ళింట్లో పొద్దున్న అంబలి, పొలంలోకి అంబలి. వరన్నం పండక్కీ, చుట్టాలొచ్చినప్పుడూను. ఆ మాట పట్టుకుని నేను కూడా షుగర్ వచ్చిన కొత్తలో పొద్దున్నే స్టీలు గ్లాసుతో రెండు గ్లాసుల చోడి జావ తాగేవాణ్ణి, ఏదో తపస్సు చేస్తున్నట్టు. ఒకరోజు తాగిన రెండు గంటలకి వేలు గుచ్చి చూస్తే 214. మిషను పాడైందనుకుని ఇంకో వేలు గుచ్చాను. 209.

కారణం తర్వాత అర్థమైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు చూస్తే, వంద గ్రాముల చోళ్ళలో పిండిపదార్థం సుమారు 67 గ్రాములు, పాలిష్ బియ్యంలో సుమారు 78. తేడా ఉంది గానీ లెక్క లేకుండా తాగేంత తేడా కాదు. చోళ్ళ గొప్ప పీచులో ఉంది, వందకి 11 గ్రాములు. బియ్యంలో 3 కూడా ఉండదు. కాల్షియం సంగతి చెప్పనే అక్కర్లేదు, 364 మిల్లీగ్రాములు. కానీ పిండి మెత్తగా మర పట్టించి, నీళ్ళలో కాచి, గటగటా తాగేస్తే నమిలే పని లేదు, అరిగించుకునే పనీ తక్కువే, షుగర్ చప్పున ఎక్కేస్తుంది. మధ్యాహ్నం దాకా నాగలి పట్టిన మా తాతకి అది చెల్లింది. కుర్చీలో కూర్చునే మీకూ నాకూ చెల్లదు. అదే పిండిలో ఉల్లిపాయ, తోటకూర సన్నగా తరిగి వేసి, గట్టిగా కలిపి రొట్టి కాల్చుకుని పప్పుతో తిన్న రోజున నాకు 160 దాటలేదు. ఎండాకాలం రోడ్డు పక్కన కుండల్లో పెట్టి అమ్మే అంబలి, మజ్జిగ పోసి పల్చగా, పచ్చిమిరపకాయ నంజుకుంటూ, ఒక్క గ్లాసు ఇప్పటికీ తాగుతాను. దాన్ని మందనుకోవడం మానేశాను, అంతే.

కొర్రలకీ సామలకీ కూడా ఇదే మాట. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ప్రతి దుకాణంలోనూ ఇవి వచ్చేశాయి. బాగా మరపట్టి ముత్యాల్లా తెల్లగా చేసినవి కొనకండి, పైపొర పోయాక మిగిలేది పిండే. కొంచెం గోధుమరంగుగా ఉన్నవి చూడండి. ఏవి తిన్నా కొలత అన్నానికున్నదే. ఇంకో మాట: "డయాబెటిక్ బిస్కెట్లు" అని రాసున్న పేకెట్ ఒకటి నేను ఆర్నెల్లు కొన్నాను. కళ్ళజోడు మార్చాక ఒకరోజు వెనకవైపు చదివితే మొదటి దినుసు మైదా. పేకెట్ ముందువైపు రాసింది నమ్మకండి, వెనక్కి తిప్పి చదవండి.

అన్నం పూర్తిగా మానక్కర్లేదు. అన్నం మానేసిన తెలుగువాడు రెండు వారాలకి మించి ఆగలేడని నా అనుభవం, మీరు పది రోజులు ఆగారు. మనం చిన్నప్పట్నుంచీ కంచం నిండా అన్నం పెట్టుకుని అంచున ఇంత కూర వేసుకోవడం అలవాటు. దాన్ని తిరగేయాలి. మా ఇంట్లో ఒక చిన్న స్టీలు గిన్నె ఉంది, దాంట్లో ఉడికిన అన్నం 150 గ్రాములు పడుతుంది. వంటింటి తక్కెడ కొన్న రోజున తూచాను. పూటకి ఆ గిన్నెడే అన్నం. కూర రెండు గిన్నెలు, పప్పో చేపో గుడ్డో ఒకటి, మజ్జిగ. ముందు కూర ఉత్తినే సగం తిని, తర్వాత అన్నం కలుపుకుంటాను. కూరగాయలూ మాంసకృత్తులూ ముందు పడితే తిన్న తర్వాత పెరిగే షుగర్ తగ్గుతుందని పరిశోధనల్లోనూ తేలింది, నా నోటు పుస్తకంలోనూ తేలింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ చిక్కు ఏ డైట్ కాగితంలోనూ నాకు కనపడలేదు. మన కూరల్లో ఉప్పూ కారం వేసేది కూర కోసం కాదు, దాంతో కలుపుకునే అన్నం కోసం. గుట్టెడు అన్నానికి చాలాలి కాబట్టి కూర గట్టిగా ఉంటుంది. అన్నం తగ్గించి అదే కూర రెండు గిన్నెలు తినబోతే మూడో ముద్దకి నోరు మండిపోతుంది. బలవంతాన తింటే షుగర్ సంగతేమో గానీ బీపీ పెరుగుతుంది. రోజుకి ఉప్పు మొత్తం 5 గ్రాములు దాటకూడదంటారు, అంటే సుమారు ఒక చెంచా. కాబట్టి మొదటి వారం నుంచే కూరలో ఉప్పు, కారం సగానికి దించండి. నాలుగు రోజులు చప్పగా ఉంటుంది, తర్వాత ఆనపకాయకి (సొరకాయకి) ఆనపకాయ రుచి ఉందని తెలుస్తుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి అయితే ఉత్తినే తినేవి కావు, అన్నాన్ని లాక్కొచ్చేస్తాయి. మా ఇంట్లో ఆవకాయ జాడీ అటక మీదకెక్కింది, ఆదివారం దిగుతుంది. ఉప్పు తగ్గించాలని సోడియం తక్కువ ఉప్పు కొంటారేమో, అందులో పొటాషియం ఉంటుంది. బీపీ మాత్రలు వేసుకుంటున్నా, కిడ్నీ ఇబ్బంది ఉన్నా డాక్టరుని అడక్కుండా వాడొద్దు.

మొదటి వంటగా ఆనపకాయ నువ్వులపొడి కూర చెయ్యండి. నేను మొదలెట్టింది దాంతోనే, పాడుచేసిందీ దాన్నే. నూనె పొగలొచ్చేదాకా కాచి, పోపుల డబ్బాలోవన్నీ ఒక్కసారి గుప్పెడు పడేశాను. ఆవాలు చిటపటమనేలోపు మినప్పప్పు బొగ్గైంది, ఎండుమిరపకాయల ఘాటుకి మా ఆవిడ పడగ్గదిలోంచి దగ్గుకుంటూ వచ్చి పొయ్యి కట్టేసింది. ఏమీ అనలేదు. కళాయి కడిగి మళ్ళీ నా చేతికే ఇచ్చింది. అప్పటికి చాలా చిన్నతనంగా అనిపించింది గానీ ఆవిడ ఆ పూట గరిటె లాక్కుని ఉంటే నేను ఇవాళ్టికీ వంట నేర్చుకునేవాణ్ణి కాదు.

సరిగ్గా చేసే పద్ధతి ఇది. లేత కాయ చూసుకోండి, గోరు గుచ్చితే దిగాలి. నువ్వులు సన్నసెగ మీద, గింజ ఎగిరేదాకా ఉత్తినే వేయించి, రెండు ఎండుమిరపకాయలు, జీలకర్ర వేసి బరకగా పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి, పది రోజులొస్తుంది. కళాయిలో రెండు చెంచాల నూనె, సెగ మధ్యస్తంగా. మినప్పప్పు ముందు, అది ఎర్రబడబోతుండగా ఆవాలు, అవి పేలాక జీలకర్ర, చివర్న మిరపకాయ, కరివేపాకు. ముక్కలు వేసి, పసుపు, ఉప్పు చల్లి, మూత పెట్టండి. నీళ్ళు పొయ్యకండి, ఆనపకాయలో ఉన్న నీరే చాలు. పది పన్నెండు నిమిషాలకి ముక్క అద్దంలా అవుతుంది. అప్పుడు రెండు చెంచాల నువ్వులపొడి వేసి, నీరు పీల్చేదాకా ఉంచి దించెయ్యండి. ఇది ఉత్తినే గిన్నెడు తినొచ్చు. బీరకాయ, దొండకాయ, అరటికాయ దేనికైనా ఇదే పోపు, ఇదే పొడి. ఒక్క కూర వస్తే నాలుగు వచ్చినట్టే. నూనె మాత్రం సీసాతో వొంపొద్దు, చెంచాతో కొలవండి. మా ఇంట్లో మనిషికి నెలకి అర లీటరు మించనివ్వం.

రెండోది ఉలవలు. వంద గ్రాముల్లో దాదాపు 22 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి, ధర చూస్తే గ్రిల్డ్ చికెన్ సిగ్గుపడాలి. గ్లాసుడు ఉలవలు రాళ్ళు ఏరి (తప్పకుండా ఏరాలి, నాకు ఒక పన్ను పోయింది) రాత్రి నానబెట్టండి. పొద్దున్న నాలుగు గ్లాసుల నీళ్ళతో కుక్కర్లో ఏడెనిమిది కూతలు. ఆ కట్టు వంచి చింతపండు కొద్దిగా, ఉల్లిపాయ, పోపు వేసి చారు కాచుకోండి. గింజలు పారెయ్యకుండా ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ వేసి గుగ్గిళ్ళు చేస్తే సాయంత్రం నాలుగింటికి ఆఫీసులో బజ్జీల వైపు చూపు పోదు. మన చింతపల్లి ఏజెన్సీలో పండే రాజ్మా కూడా ఇలాగే వాడతాం, మనవాళ్ళు ఎందుకో దాన్ని ఇంకా పరాయి పప్పులాగే చూస్తారు.

అసలు యుద్ధం పులుసు దగ్గర. మన వైపు పులుసంటే బెల్లం పడాల్సిందే. ఆనపకాయ పులుసు, వంకాయ పులుసు, చారులో కూడా చిన్న ముక్క. రోజూ పూటకో నిమ్మకాయంత బెల్లం నలుగురికి పంచితే ఎంతని లెక్కేసి చూడండి. పంచదార కన్నా బెల్లం మంచిదని చాలామంది అంటారు, షుగర్ ఉన్నవాళ్ళకి ఆ తేడా లెక్కలోకి రాదు. 2014 సంక్రాంతికి మా అమ్మ వచ్చినప్పుడు బెల్లం మానేసిన పులుసు పోశాను. ఒక ముద్ద తిని, "ఇది పులుసేట్రా, చింతపండు కడిగిన నీళ్ళా?" అంది. నేను చేసిన తప్పు బెల్లం తీసేసి చింతపండు అలాగే ఉంచెయ్యడం. మర్నాడు ఆవిడే పొయ్యి దగ్గర నిలబడింది. చింతపండు సగం చేసింది. రెండు పెద్ద ఉల్లిపాయలు పాయలుగా కోసి, సన్నసెగ మీద ఎర్రగా, తియ్యటి వాసన వచ్చేదాకా ఇరవై నిమిషాలు మగ్గబెట్టింది. నేను అయిదు నిమిషాలకే నీళ్ళు పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. మెంతులు నాలుగు గింజలు, పులుసు చిక్కబడ్డానికి బియ్యప్పిండి బదులు నువ్వులపొడి. దించాక రుచి చూసి, "ఫర్లేదు, తినొచ్చు" అంది. మా అమ్మ నోట అది పెద్ద మెప్పు. అప్పట్నుంచీ మా ఇంట్లో పులుసులో బెల్లం లేదు.

చేపల విషయంలో మనం అదృష్టవంతులం. వంజరం, చందువాలే తినాలని లేదు. కవళ్ళు, కనగర్తలు చవక, గుండెకి మంచి కొవ్వు వాటిలోనే ఎక్కువ. వేపుడు తగ్గించి పులుసు పెట్టుకోండి, లేదంటే పెనం మీద రెండు చెంచాల నూనెతో కాల్చుకోండి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, అప్పుడు ధరలు మండుతాయి. ఆ రెండు నెలలు చెరువు చేపలు, శీలావతి, బొచ్చె తెచ్చుకోండి. ఎండు నెత్తళ్ళు చింతచిగురుతో అద్భుతం, కాదనను. కానీ ఉప్పు చూసుకోవాలి, రెండుసార్లు వేడినీళ్ళలో కడిగి వండండి.

టిఫిన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇడ్లీ కన్నా పెసరట్టు మేలు, ఉప్మా లేకుండా. అంతే.

ఉద్యోగాలతో ఇదంతా కుదురుతుందా అంటారు. మొదటి నెల రాత్రి భోజనం ఒక్కటే ఇంట్లో వండండి, మూడు పూటలూ మీదేసుకుంటే మళ్ళీ పదకొండో రోజు వస్తుంది. మీకు ఎంవీపీ రైతు బజారు పక్కనే. 1999లో రైతు బజార్లు పెట్టినప్పట్నుంచీ గేటు దగ్గర ధరల బోర్డు ఉంటోంది, బేరమాడే బాధ కూడా లేదు. ఆదివారం ఏడింటికల్లా వెళ్తే ఆకుకూర కట్టలు తడితడిగా ఉంటాయి, పదింటికి వెళ్తే వాడిపోయినవి మిగుల్తాయి. నాలుగు రోజులకి సరిపడానే కొనండి. ఇంటికొచ్చి ఇద్దరూ టీవీ ముందు కూర్చుని దొండకాయలు, చిక్కుళ్ళు తరిగి డబ్బాల్లో పెట్టేయండి. ఉడికించిన ఉలవలు ఒక డబ్బా, రాజ్మా ఒక డబ్బా, నువ్వులపొడి సీసా. రాత్రి ఏడున్నరకి ఇంటికొచ్చి ఆనపకాయ చెక్కు తియ్యడం మొదలెట్టే ఓపిక ఎవరికీ ఉండదు. ఫ్రిజ్‌లో తరిగిన ముక్కలు కనబడితే మాత్రం పొయ్యి వెలుగుతుంది, పాతిక నిమిషాల్లో భోజనం అయిపోతుంది. తిన్నాక పావుగంట ఇద్దరూ కాలనీలో ఒక చుట్టు తిరిగి రండి.

గ్లూకోమీటర్ ఒకటి కొనండి. కొత్త వంట చేసిన రోజున తినే ముందూ, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకీ చూసి, పక్కన ఏం తిన్నారో రాసుకోండి. మీ ఒంటికి ఏది పడుతుందో ఆ పుస్తకమే చెప్తుంది, నాకు పడినవి మీకు పడకపోవచ్చు. హెచ్‌బీఏ1సీ మాత్రం నెలనెలా చేయించకండి, డబ్బు దండగ. ఎర్ర రక్తకణం బతికేది దాదాపు 120 రోజులు, కాబట్టి మూడు నెలలకోసారి చూస్తేనే అర్థం ఉంటుంది. నాది 8.6 నుంచి మొదటి ఆర్నెల్లలో 6.9కి వచ్చింది. 2020లో ఇంట్లో కూర్చుని నడక మానేస్తే మళ్ళీ 7.8. మళ్ళీ గిన్నె కొలత మొదలెట్టాను.

బయట తినడం వారానికి ఒకసారి ఉంచుకోండి, లేకపోతే బెంగ పట్టుకుంటుంది. మేం శనివారం సాయంత్రం ఆర్కే బీచ్‌కి వెళ్తాం, ముంత మసాలా తింటాం. మరమరాలు చూడ్డానికి గాలిలా ఉంటాయి గానీ షుగర్ ఎక్కించడంలో అన్నానికేమీ తీసిపోవు. అందుకని మరమరాలు గుప్పెడు, ఉడికించిన వేరుశనగలు, ఉల్లిపాయ, టమాటా దండిగా వెయ్యమని చెప్తాను. మొదట్లో బండి అబ్బాయి విసుక్కునేవాడు. ఇప్పుడు నన్ను దూరాన్నించి చూడగానే అలాగే కలపడం మొదలెడతాడు, పది రూపాయలు ఎక్కువ తీసుకుంటాడు.